సంతకం పెడితే భాగస్వామ్యమేనా?

ఈమధ్య ఆరోగ్య విధానాల మీద ఏ పత్రం చదివినా, ఏ సదస్సుకి వెళ్ళినా రెండు మాటలు తప్పకుండా ఎదురవుతున్నాయి. ఒకటి 'రోగి కేంద్రిత వైద్యం'. రెండోది 'రోగి భాగస్వామ్యం'. 2017 నాటి జాతీయ ఆరోగ్య విధానం తన మూలసూత్రాల్లో రోగి కేంద్రంగా సాగే వైద్యాన్ని చేర్చుకుంది. జెండర్ స్పృహ, గౌరవం, గోప్యత కూడా అందులో ఉండాలని రాసుకుంది. 2023 సెప్టెంబరు 17న ప్రపంచ ఆరోగ్య సంస్థ రోగుల భద్రతా దినాన్ని రోగుల గొంతు గట్టిగా వినిపించాలన్న నినాదంతో జరిపింది. వినడానికి ఎంత బావుంది! ఇంతకాలం మనం అడిగింది ఇదే కదా!

అడిగాం కాబట్టే నాకు అనుమానం. మనం రోడ్ల మీద, కోర్టుల్లో పోట్లాడి తెచ్చిన మాటల్ని ప్రభుత్వాలూ కార్పొరేట్ ఆసుపత్రులూ ఇంత సులువుగా ఎందుకు పలకగలుగుతున్నాయి? 'సాధికారత' అనే మాటకి ఏం జరిగిందో మనకి తెలుసు. స్త్రీల రాజకీయ శక్తి గురించి మొదలైన ఆ మాట చివరికి పొదుపు సంఘంలో అప్పు తీర్చే వాయిదాల దగ్గర ఆగింది. ఇప్పుడు 'భాగస్వామ్యం' వంతు వచ్చింది.

నా వాదన సూటిగా చెప్తాను. ఒక్క నిర్ణయాన్ని కూడా మార్చలేని, ఒక్క ఆపరేషన్ని కూడా ఆపలేని దాన్ని భాగస్వామ్యం అనడానికి వీల్లేదు. 'వద్దు' అనగలగడం, అన్నాక కూడా ఆ ఆసుపత్రిలో మర్యాదగా వైద్యం అందుకోగలగడం, అక్కడ మొదలవుతుంది భాగస్వామ్యం. మిగిలినదంతా సంతకాల సేకరణే.

ఈ మాట ఎక్కడ పుట్టిందో ఒకసారి గుర్తు చేసుకుందాం. 1970 జనవరిలో అమెరికా సెనేట్‌లో గర్భనిరోధక మాత్రల ప్రమాదాల మీద విచారణ జరిగింది. గేలార్డ్ నెల్సన్ అనే సెనేటర్ దానికి అధ్యక్షుడు. అంతకు ముందు ఏడాది బార్బరా సీమన్ రాసిన పుస్తకం ఆ విచారణకి కారణమైంది. సాక్ష్యం చెప్పడానికి డాక్టర్లని పిలిచారు, శాస్త్రవేత్తల్ని పిలిచారు. ఆ మాత్రలు మింగుతున్న ఆడవాళ్ళని మాత్రం ఒక్కరిని కూడా పిలవలేదు. వాషింగ్టన్ స్త్రీ విముక్తి బృందానికి చెందిన యువతులు ప్రేక్షకుల్లోంచి లేచి నిలబడి అదే అడిగారు. 'మామీద ప్రయోగాలు చేస్తూ మమ్మల్ని అడగరేం' అని విచారణకి అడ్డుపడ్డారు. ఆ గొడవ ఫలితంగానే ఆ ఏడాది మాత్రల ప్యాకెట్‌తో పాటు, దుష్ఫలితాలు వివరించే కాగితం కూడా ఇవ్వాలని అక్కడి ప్రభుత్వం ఆదేశించింది. డాక్టర్లూ కంపెనీలూ ఒత్తిడి తెచ్చి ఆ కాగితంలో ఉన్న సంగతుల్ని బాగా కుదించారు, అది వేరే సంగతి. ఇవాళ మందుల డబ్బాలో మడతపెట్టి కనిపించే కాగితం వెనక విచారణని ఆపించిన ఆడవాళ్ళున్నారు. వాళ్ళు పిలవకుండానే వచ్చి మాట్లాడారు. ఫీడ్‌బ్యాక్ ఫారం నింపమని వాళ్ళకి ఎవరూ ఇవ్వలేదు.

దాదాపు అదే సమయంలో, 1969లో, షెర్రీ ఆర్న్‌స్టీన్ అనే ఆవిడ ప్రజల భాగస్వామ్యాన్ని ఎనిమిది మెట్ల నిచ్చెనగా చూపిస్తూ ఒక వ్యాసం రాసింది. అట్టడుగు మెట్టు జనాన్ని మభ్యపెట్టడం. దాని మీది మెట్టుకి ఆవిడ పెట్టిన పేరు 'చికిత్స'. అంటే తప్పు వ్యవస్థలో లేదు, నీలో ఉంది, నిన్ను సరిచేస్తాం అనడం. ఆ రెండు మెట్లూ భాగస్వామ్యమే కాదంది. ఆ పైన ఉన్న సమాచారం ఇవ్వడం, అభిప్రాయం అడగడం, బుజ్జగించడం ఉత్తుత్తి భాగస్వామ్యం అంది. అధికారం చేతులు మారే పైమెట్లనే ఆవిడ అసలు భాగస్వామ్యంగా లెక్కించింది. యాభై ఏళ్ళు దాటినా మన ఆసుపత్రులు ఏ మెట్టు మీద ఉన్నాయో చెప్పడానికి ఈ నిచ్చెన చాలు.

ఇది అమెరికా కథ అనుకోనక్కర్లేదు. మన దగ్గర పటాన్‌చెరు ఉంది. 1985లో అక్కడి ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో నెట్-ఎన్ అనే గర్భనిరోధక ఇంజెక్షన్‌ని స్త్రీల మీద ప్రయోగించడానికి సిద్ధమయ్యారు. తమ మీద జరుగుతున్నది ప్రయోగమని అక్కడికి వచ్చిన పేద స్త్రీలకి చెప్పలేదు. స్త్రీశక్తి సంఘటన ఈ విషయాన్ని పట్టుకుంది. ఢిల్లీలోని సహేలి, మరికొన్ని సంఘాలతో కలిసి 1986లో సుప్రీంకోర్టుకి వెళ్ళింది. తెలిసి ఒప్పుకోవడం అంటే ఏమిటి అన్న ప్రశ్నని ఈ దేశంలో ముందుగా అడిగినవాళ్ళలో తెలుగు నేల మీది ఆడవాళ్ళున్నారు. ఆ తర్వాత 1991లో హైదరాబాద్ బుక్ ట్రస్ట్ 'సవాలక్ష సందేహాలు' వేసింది. మన శరీరం గురించి మన భాషలో, సిగ్గుపడకుండా, డాక్టరు దయ కోసం ఎదురుచూడకుండా తెలుసుకోవచ్చని ఎంతమందికి ధైర్యమిచ్చిందో ఆ పుస్తకం! కొండేపూడి నిర్మల 'లేబర్ రూం' కవిత ప్రసూతి గదిని సాహిత్యంలోకి తెచ్చిందీ ఆ కాలంలోనే. ఇదీ మన వారసత్వం. ఇందులో 'భాగస్వామ్యం' అన్న మాట పెద్దగా కనపడదు. కనపడేవన్నీ ప్రశ్నలు, నిరాకరణలు.

మరి ఇప్పుడు ఆ మాట కింద ఏం జరుగుతోంది?

కేంద్ర ప్రభుత్వం 2016లో 'మేరా అస్పతాల్' అనే ఏర్పాటు మొదలుపెట్టింది. ఆసుపత్రికి వెళ్ళొచ్చిన వాళ్ళకి మెసేజో ఫోనో వస్తుంది. సంతృప్తి చెందారా, లేదా? లేకపోతే కారణం ఏమిటి? సిబ్బంది ప్రవర్తనా, శుభ్రతా, ఖర్చా? ఇవి అడగాల్సినవే. మరుగుదొడ్డికి తలుపు లేని వార్డులో పడుకున్న మనిషికి శుభ్రత చిన్న విషయం కాదు. కానీ ఈ ప్రశ్నలన్నీ పని అయిపోయాక వచ్చేవి. 'మీకు ఈ ఆపరేషన్ అవసరమని ఎవరు తేల్చారు? వేరే మార్గాలేమిటో చెప్పారా? వద్దంటే ఏమన్నారు?' అని ఏ ఫోనూ అడగదు. పొట్ట కోసి కుట్టేశాక దుప్పటి శుభ్రంగా ఉందా అని అడిగితే అది హోటల్ వాళ్ళ మర్యాద.

2019లో మా చిన్నమ్మకి పిత్తాశయంలో రాళ్ళ ఆపరేషన్ అయింది. జిల్లా కేంద్రంలో ఒక ప్రైవేటు ఆసుపత్రి. పేరు అనవసరం, అన్ని ఊళ్ళలోనూ అలాంటివే ఉన్నాయి. నాలుగు పేజీల ఒప్పంద పత్రం ఇంగ్లీషులో ఉంది. కౌంటర్‌లో అమ్మాయి చిన్నమ్మ ముఖం వైపు కూడా చూడలేదు. "సంతకం పెట్టేటోళ్ళు ఎవరు?" అని మా చిన్నాయనని అడిగింది. నేను కాగితం అందుకుని చదవబోతే, "అందరూ పెట్టేదే మేడం, ఏం లేదు దాంట్ల" అంది. ఆ అమ్మాయిని ఏమనగలం? తనకిచ్చిన పని సంతకాలు తీసుకోవడం. ఇంటికి పంపే రోజున ఒక నర్సు చేతిలో ట్యాబ్ పెట్టుకుని వచ్చింది. నవ్వుతున్న బొమ్మ, మామూలు బొమ్మ, ఏడుస్తున్న బొమ్మ. ముందు రోజు రాత్రంతా నొప్పికి మందు అడిగి అడిగి విసిగిపోయిన చిన్నమ్మ నవ్వుతున్న బొమ్మ మీద వేలు పెట్టింది. అదేమిటి చిన్నమ్మా అంటే, "వారం అయినంక కుట్లు విప్పించుకోనీకి మళ్ళ ఈడికే రావాలె గదనే" అంది.

ఆసుపత్రి లెక్కల్లో అది నూటికి నూరు శాతం సంతృప్తి. మా చిన్నమ్మ ఏ చదువూ లేకుండానే ఆర్న్‌స్టీన్ చెప్పింది చెప్పింది. ఎవరి చేతిలో సూదీ కత్తెరా ఉన్నాయో వాళ్ళకి మార్కులు వేయమంటే మార్కులు ఎలా పడతాయో ఆవిడకి తెలుసు.

సంతకం సంగతే ఇంకొంచెం చూద్దాం. ఎందుకంటే సంతకాన్నే సమ్మతికి రుజువుగా చూపిస్తున్నారు. 2009లో ఖమ్మం జిల్లాలో 10 నుంచి 14 ఏళ్ళ ఆడపిల్లలకి హెచ్‌పీవీ టీకా వేశారు. పాత్ అనే అమెరికన్ సంస్థ, భారత వైద్య పరిశోధన మండలి, రాష్ట్ర ప్రభుత్వం కలిసి చేసిన ప్రాజెక్టు అది. దాదాపు 14 వేల మంది పిల్లలు. చాలామంది ఆశ్రమ పాఠశాలల్లో, హాస్టళ్ళలో ఉండే ఆదివాసీ, దళిత, పేద పిల్లలు. 2010 మార్చిలో సమ అనే స్త్రీల ఆరోగ్య బృందం, మరికొందరు వెళ్ళి ఆ పిల్లలతో, వాళ్ళ తల్లిదండ్రులతో మాట్లాడి వచ్చారు. ఏప్రిల్‌లో ప్రాజెక్టు ఆగింది. పిల్లల మరణాలకి టీకా కారణం అయ్యుండే అవకాశం చాలా తక్కువ అని విచారణ కమిటీ చెప్పింది. కానీ సమ్మతి పత్రాల గురించి బయటపడింది వేరు. 2013లో పార్లమెంటు స్థాయీ సంఘం ఇచ్చిన నివేదిక ప్రకారం, పరిశీలించిన 9,543 పత్రాల్లో 2,763 పత్రాల మీద సంతకం చేసింది హాస్టల్ వార్డెన్లు! 1,948 పత్రాల మీద వేలిముద్రలు.

నేను టీకాకి వ్యతిరేకిని కాను. గర్భాశయ ముఖద్వార క్యాన్సర్‌తో ఎంతమంది ఆడవాళ్ళు పోతున్నారో నాకు తెలుసు. దాన్ని ఆపే టీకా మన పిల్లలకి అందాల్సిందే. అయితే మంచి టీకా అయినంత మాత్రాన కన్నతల్లికి చెప్పకుండా పిల్ల చెయ్యి పట్టుకోవచ్చా? నగరంలో పేరున్న స్కూలు ప్రిన్సిపాల్ మన పిల్లల తరఫున ఇలా సంతకాలు చేసేస్తే మనం ఊరుకుంటామా? ఆదివాసీ తల్లి సంతకం ఖరీదు వార్డెన్ సంతకంతో సమానం అనుకోవడంలోనే కులమూ తెగా వర్గమూ అన్నీ ఉన్నాయి. స్త్రీలందరి 'గొంతు' ఒకటే అని మాట్లాడే భాగస్వామ్య పత్రాలు ఈ తేడాని ఎక్కడా రాయవు.

ఒకరి శరీరం మీద ఇంకొకరి సంతకం అనే జబ్బు అడవికే పరిమితం కాలేదు. 2008లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పిన ఒక కేసులో, పరీక్ష కోసం మాత్రమే ఒప్పుకుని బల్ల ఎక్కిన ఢిల్లీ స్త్రీ, మత్తు దిగేసరికి గర్భసంచీ అండాశయాలూ లేకుండా లేచింది. ఆవిడ మత్తులో ఉండగా బయట కూర్చున్న తల్లి చేత ఒప్పించారు. నలభై నాలుగేళ్ళ మనిషికి తల్లి సంతకం! అది చెల్లదని కోర్టు చెప్పింది. గర్భస్రావం విషయంలో 1971 చట్టం ప్రకారం వయసొచ్చిన స్త్రీ ఒప్పుకుంటే చాలు, భర్త సంతకం అక్కర్లేదు. అయినా ఆసుపత్రులు భర్తని తీసుకురమ్మంటూనే ఉన్నాయి. చట్టంలో లేని ఇలాంటి షరతులు పెట్టొద్దని 2022లో సుప్రీంకోర్టు మళ్ళీ చెప్పాల్సి వచ్చింది.

ఇక గర్భసంచి దగ్గరికి వద్దాం. రోగి భాగస్వామ్యం గురించి మాట్లాడేవాళ్ళు తెలుగు రాష్ట్రాల్లో దీన్ని దాటవేసి పోవడానికి వీల్లేదు. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15 నుంచి 49 ఏళ్ళ స్త్రీలలో గర్భసంచి తీసేయించుకున్నవాళ్ళు దేశం మొత్తం మీద సుమారు 3 శాతం. ఆంధ్రప్రదేశ్‌లో సుమారు 9 శాతం, తెలంగాణలో 8 శాతం. దేశంలో మొదటి రెండు స్థానాలూ మనవే. మన ఆడవాళ్ళ గర్భసంచులు మాత్రమే ఇంత త్వరగా పాడైపోతున్నాయా? డాక్టర్ ఎస్.వి. కామేశ్వరి, డాక్టర్ ప్రకాష్ వింజమూరి లాంటివాళ్ళు ఏళ్ళ తరబడి పల్లెల్లో తిరిగి, అవసరం లేని ఆపరేషన్లు ఎలా జరుగుతున్నాయో రాశారు, మాట్లాడారు. డాక్టర్ల మీద నాకు కోపం ఉందని ఎవరైనా అంటే ఈ పేర్లు చెప్తాను. ఈ దారుణాన్ని బయటపెట్టినవాళ్ళలో డాక్టర్లున్నారు.

దీనికి ఎప్పుడూ వినిపించే సమాధానం ఒకటుంది. "వాళ్ళే అడిగి చేయించుకుంటున్నారండీ. మేం వద్దన్నా వినరు." అంటే స్త్రీ కోరింది, వైద్యుడు తీర్చాడు. రోగి కేంద్రంగా వైద్యం జరిగింది. ఇంతకన్నా గొప్ప భాగస్వామ్యం ఏముంటుంది!

మా కాలేజీ ఎన్ఎస్ఎస్ క్యాంపుల్లో పల్లె ఆడవాళ్ళతో కూర్చున్నప్పుడు నేను విన్నవి చెప్తాను. "పిల్లలు పుట్టుడైపాయె, ఆపరేషనయిపాయె, ఇంక ఆ సంచి ఉంచుకుని ఏం చేస్తం మేడం?" అని ఒకామె. ముప్పై రెండేళ్ళుంటాయేమో. "తెల్లబట్ట అయితున్నదని పోతే స్కానింగ్ తీసిన్రు. సంచిల పుండున్నదన్నరు. ఉంచితే క్యాన్సరైతదన్నరు. పిల్లలు చిన్నోళ్ళు, భయమయింది" అని ఇంకొకామె. "నెలకు నాలుగు రోజులు కూలి పోతది. పత్తి ఏరేటప్పుడు యాడ బట్ట మార్చుకుంటం?" అని మరొకామె. ఈమెని ఊళ్ళో ఆర్ఎంపీ వెంటబెట్టుకుని తీసుకెళ్ళాడు. అతనికి అందులో ఎంత ముట్టిందో ఊరందరికీ తెలుసు.

ఇందులో 'కోరిక' ఎక్కడుంది? పొలంలో మరుగు లేదు, నీళ్ళు లేవు, సెలవు లేదు. నెలసరి అంటే మైల అని చిన్నప్పటి నుంచి నేర్పారు. పిల్లల్ని కనడానికి తప్ప గర్భసంచికి వేరే విలువ లేదని పితృస్వామ్యం నేర్పింది. వీటన్నిటి మీదా క్యాన్సర్ అనే మాట పెట్టి ఒక్క తోపు తోశారు. ఆ భయంతో ఆమె అడిగింది. గర్భాశయ ముఖద్వారం దగ్గర ఎర్రగా కనిపించడం పిల్లలు పుట్టే వయసులో మామూలేననీ, అది క్యాన్సర్ కాదనీ ఆమెకి ఎవరైనా చెప్పారా? తెల్లబట్టకి ఇన్ఫెక్షన్ మందులున్నాయని, ఎక్కువ రక్తస్రావానికి మాత్రలున్నాయని, హార్మోన్ ఉన్న లూప్ వేయించుకోవచ్చని చెప్పారా? కొన్ని నెలలు ఆగి చూడొచ్చని? అండాశయాలు కూడా తీసేస్తే ముప్పైల్లోనే ముట్లుడిగిపోయి, ఎముకలు గుల్లబారతాయని? "ఒళ్ళంత సెగలు, నడుము లేస్తలేదు, కూలికి పోబుద్ది కాదు. ఇట్లయితదని ఎవలు చెప్పలె" అని ఆపరేషన్ అయిన ఆడవాళ్ళు చెప్తుంటే, చుట్టూ కూర్చున్న మా విద్యార్థినులు నోట్సు రాయడం ఆపి వినేవాళ్ళు. నాలుగు రోజుల కూలి పోతుందని చేయించుకున్న మనిషి ఇప్పుడు నెలంతా కూలికి పోలేకపోతోంది.

మార్గాలన్నీ మూసేసి మిగిలిన ఒక్క తలుపు చూపించి, 'ఆమే ఎంచుకుంది' అనడం పచ్చి మోసం. వైద్యుడు తనకి తెలిసింది దాచిపెట్టి రోగి కోరికని ముందుకు నెట్టడం గౌరవం కాదు, బాధ్యత నుంచి తప్పుకోవడం. ఈ విషయం మీద 2013లో వేసిన ప్రజాప్రయోజన వ్యాజ్యంలో పదేళ్ళ తర్వాత, 2023 ఏప్రిల్‌లో, సుప్రీంకోర్టు తీర్పు ఇచ్చింది. కేంద్రం 2022లో రాసిన మార్గదర్శకాల్ని మూడు నెలల్లో అమలు చేయమని రాష్ట్రాలకి చెప్పింది. జాతీయ, రాష్ట్ర, జిల్లా స్థాయిల్లో పర్యవేక్షణ కమిటీలు ఉండాలి. మంచిదే. నేను అడిగేది ఒకటే. ఆ జిల్లా కమిటీలో గర్భసంచి పోగొట్టుకున్న కూలీ స్త్రీలు ఎంతమంది కూర్చుంటారు? వాళ్ళకి ఆ రోజు కూలి ఎవరిస్తారు? చర్చ ఏ భాషలో జరుగుతుంది?

కాన్పుల సంగతీ ఇంతే. అదే సర్వే ప్రకారం తెలంగాణలో దాదాపు 61 శాతం కాన్పులు సిజేరియన్లు. ప్రైవేటు ఆసుపత్రుల్లో అయితే 81 శాతం దాటాయి. ఇక్కడ కూడా ముహూర్తాల్ని, నొప్పులు పడలేని ఆడవాళ్ళని సాకుగా చూపిస్తారు. ప్రసూతి గదిలో తోడుగా ఒక మనిషిని ఉండనివ్వమని ప్రభుత్వమే 2016లో చెప్పింది. నొప్పులు పడుతున్నప్పుడు చెయ్యి పట్టుకునే మనిషి లేక, తిట్లు తింటూ పడుకున్న పిల్ల "కోసేయండి" అంటే అది ఎవరి నిర్ణయం?

కుటుంబ నియంత్రణ ఆపరేషన్ల గురించి 2016లో సుప్రీంకోర్టు ఒక మంచి మాట చెప్పింది. 2014లో ఛత్తీస్‌గఢ్ బిలాస్‌పూర్ దగ్గర ఒక్క శిబిరంలో ఒకే రోజు 83 మందికి ఆపరేషన్లు చేసి, పదముగ్గురికి పైగా స్త్రీల ప్రాణాలు తీసిన తర్వాత వచ్చిన తీర్పు అది. ఒప్పంద పత్రంలోని విషయాలు స్థానిక భాషలో ఉండాలి, ఆమెకి వివరించాలి, ఆ తర్వాత మనసు మార్చుకోవడానికి సుమారు ఒక గంట వ్యవధి ఇవ్వాలి అంది. శిబిరాలు మూడేళ్ళలో ఆపేయాలి అంది. ఒక గంట! జీవితాంతం ఉండే నిర్ణయానికి కోర్టు అడిగింది ఒక గంట. 2022 ఆగస్టులో హైదరాబాద్ పక్కనే ఇబ్రహీంపట్నం ఆసుపత్రిలో ఒక్క రోజు శిబిరంలో 34 మందికి ఆపరేషన్లు చేశారు. నలుగురు చనిపోయారు. అందరూ చిన్నపిల్లల తల్లులు. ఆంధ్రప్రదేశ్‌లో పెళ్ళయిన స్త్రీలలో దాదాపు 70 శాతం మంది ఈ ఆపరేషన్ చేయించుకున్నారు. మగవాళ్ళ ఆపరేషన్లు ఒక శాతం కూడా లేవు. భాగస్వామ్యం గురించి ఇన్ని మాటలు చెప్పే విధానాలు భర్తల భాగస్వామ్యం గురించి ఎందుకు నోరు మెదపవు?

నాతో వాదించే మిత్రులున్నారు. ప్రభుత్వ ఆసుపత్రిలో ఒక డాక్టరు పొద్దున్నుంచి వందమందిని చూడాలి, ఒక్కొక్కరికీ ఇంత వివరంగా చెప్పే తీరిక ఎక్కడిది అంటారు. నిజమే. అందుకు చేయాల్సింది నర్సుల్నీ కౌన్సిలర్లనీ పెట్టడం. వివరించడాన్ని ఉద్యోగంలో భాగం చేసి దానికి జీతం ఇవ్వడం. ఆశా వర్కర్ల చేతుల్లో టార్గెట్లు పెట్టే బదులు సమాచారం పెట్టడం. ప్రైవేటు ఆసుపత్రిలోనైతే ఈ వాదనే నిలబడదు. బిల్లు గురించి అరగంట వివరించడానికి మనిషి దొరుకుతుంది అక్కడ. ఇంకొందరు అత్యవసరాల సంగతేమిటంటారు. రక్తం కారిపోతున్న మనిషిని కాగితాలు చదవమని ఎవరూ అనడం లేదు. తెల్లబట్టకి గర్భసంచి తీయడం అత్యవసరం కాదు. "మీరే చూడండి డాక్టరమ్మా, మాకేం తెలుసు అని వాళ్ళే అంటారు" అనేది మూడో వాదన. అంటారు. ప్రశ్న అడిగినందుకు ఒకసారి కసురు తిన్న మనిషి రెండోసారి అలాగే అంటుంది. అడిగితే చెప్తారని నమ్మకం కుదిరిన చోట అదే మనిషి ఎన్ని ప్రశ్నలు వేస్తుందో కూర్చుని విన్నవాళ్ళకి తెలుసు.

కాబట్టి ఊరికే భాగస్వామ్యం కావాలని అడగడం మానేద్దాం. లెక్కలు అడుగుదాం. ప్రతి ఆసుపత్రీ ఏడాదిలో ఎన్ని గర్భసంచులు తీసింది, ఏ వయసు వాళ్ళవి, ఏ కారణంతో, ఎన్ని సిజేరియన్లు చేసింది అనేది గోడ మీద రాయమందాం. ఎంతమంది సంతృప్తి చెందారో మాకొద్దు. వివరాలు విన్నాక ఎంతమంది వద్దన్నారో చెప్పమందాం. నూటికి నూరుమందీ ఒప్పుకున్న చోట ఎవరికీ ఏమీ చెప్పలేదని అర్థం. అత్యవసరం కాని ప్రతి ఆపరేషన్‌కీ పత్రం కనీసం ముందు రోజు ఆమె చేతికి రావాలి. తెలుగులో, ఉర్దూలో రావాలి. చదవలేని వాళ్ళకి కోయలో, లంబాడీలో నోటితో చెప్పే మనిషి ఉండాలి. సంతకం ఆమెది మాత్రమే ఉండాలి. 2018లో జాతీయ మానవ హక్కుల సంఘం రోగుల హక్కుల పత్రం తయారుచేసింది. పదిహేడు హక్కులు. వేరే డాక్టరు అభిప్రాయం తీసుకునే హక్కు, ఖర్చు ముందే తెలుసుకునే హక్కు అందులో ఉన్నాయి. అడిగిన 72 గంటల్లో కేసు రికార్డులు ఇవ్వాలని వైద్యుల నియమావళి 2002 నుంచీ చెప్తోంది. ఈ రెండు సంగతులూ తెలిసిన ఆడవాళ్ళు మన చుట్టూ ఎంతమంది ఉన్నారు?

ఇక్కడ మన పని ఉంది. ఇది చదువుతున్న వాళ్ళలో చాలామందిమి రాసేవాళ్ళం, పాఠాలు చెప్పేవాళ్ళం. శరీర రాజకీయాల మీద ఎన్నో పత్రాలు సమర్పించాం. ఆ పత్రాల్లో ఒక్కటి తక్కువైనా నష్టం లేదు. మన ఊళ్ళోని ఆసుపత్రి ఒప్పంద పత్రాన్ని సంపాదించి, కూలీ స్త్రీకి అర్థమయ్యే తెలుగులోకి తెద్దాం. మూడు దశాబ్దాల కిందట 'సవాలక్ష సందేహాలు' కోసం ఆడవాళ్ళు కలిసి కూర్చున్నట్టు మళ్ళీ కూర్చుందాం. ఈసారి గర్భసంచి ఆపరేషన్ అయిన ఆడవాళ్ళు పక్కన ఉండాలి. ఏ మాట అర్థమైందో ఏది కాలేదో వాళ్ళే చెప్పాలి. జిల్లా కమిటీలో ఎవరున్నారో సమాచార హక్కు చట్టం కింద అడుగుదాం. మన విద్యార్థినుల చేత అడిగిద్దాం. వాళ్ళ అమ్మలతో పాటు ఆసుపత్రికి వెళ్ళినప్పుడు, సంతకం పెట్టమన్న కౌంటర్ దగ్గర ఒక్క నిమిషం ఆగి, "మా అమ్మకి ముందు ఇది చదివి వినిపించండి" అనడం నేర్పిద్దాం.

విధానాలు రాసేవాళ్ళకి చెప్పాల్సింది కూడా ఇంతే. రోగిని కేంద్రంలో పెట్టామని మీరంటున్నారు. ఆపరేషన్ బల్ల మీద మేం ఎప్పుడూ కేంద్రంలోనే ఉన్నాం. దీపాలన్నీ మామీదే ఉంటాయి. మాకు కావాల్సింది ఆ బల్ల ఎక్కాలో వద్దో తేల్చే గదిలో కుర్చీ.